విటమిన్ డి తక్కువని ఆగిపోకండి. ఎక్కువైతే ఏమవుతుందో నన్నడగండి

మీ వయసు 29, పెళ్ళయి మూడేళ్ళు, ఉండేది విజయవాడ మొగల్రాజపురంలో. రక్తపరీక్షలో విటమిన్ డి మిల్లీలీటరుకు 11 నానోగ్రాములే వచ్చింది. పిల్లలు పుట్టకపోవడానికి ఇదే కారణమా, ఇది పెరిగేదాకా మిగతా పరీక్షలు ఆపుకోవచ్చా అని అడిగారు. ఉదయపు లేత ఎండలో కూర్చోమని మీ అత్తగారు అంటున్నారనీ రాశారు. రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఆపకండి. నేను అలాగే ఆపి దాదాపు ఏడాది పోగొట్టుకున్నాను.

నేను డాక్టర్ని కాను. మాది గుంటూరు బ్రాడీపేట. మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో లెక్కలు చూస్తాను. ఉదయం తొమ్మిదికి లోపలికి వెళితే మళ్ళీ ఆకాశం కనిపించేది చీకటి పడ్డాకే. మా నాన్న కల్లంలో మిరపకాయలు ఎండబోసి రోజంతా తిరగేసేవారు. ఎండ చాలకపోతే కాయ బూజు పడుతుందని ఆయన బెంగ. ఆ కాయల డబ్బుతో చదువుకున్న నేనేమో ఏసీ గదిలో మిర్చి టిక్కీల (బస్తాల) లెక్కలు రాసుకుంటూ కూర్చుని, డి 9 తెచ్చుకున్నాను.

డాక్టరమ్మ ఆ రోజు మూడు పనులు చెప్పారు. 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్టు వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు వాడమన్నారు. నాకు థైరాయిడ్ పరీక్ష, స్కానింగ్ చేయించమన్నారు. మా వారికి వీర్యపరీక్ష చేయించమన్నారు. మేము మొదటిది పట్టుకుని మిగతా రెండూ వదిలేశాం. ఎందుకో తర్వాత అర్థమయింది. డి తక్కువ అని చెప్పుకోవడానికి ఎవరికీ నామోషీ లేదు. మా అత్తగారు బంధువులతో "మా కోడలికి విటమిన్ తక్కువట, మందు వాడుతోంది" అని ధైర్యంగా చెప్పేవారు. మా వారికీ ఊపిరి ఆడింది, ఇక ఆయన ల్యాబుకు వెళ్ళనక్కర్లేదు కదా. ఇంటిల్లిపాదికీ నచ్చిన కారణం అది. అందుకే దాన్ని ఎవరూ అనుమానించలేదు.

ఆపైన నా తెలివి ఒకటి. వారానికి ఒకటి వేసుకుంటే రెండు నెలలు పడుతుంది, రోజుకొకటి వేసుకుంటే తొందరగా పెరుగుతుంది కదా అనుకున్నాను. మందుల షాపులో ఎవరూ అడగలేదు. నాలుగో వారానికి పోపు వాసన పడలేదు. రెండు రోజులు వరుసగా వాంతులు. అత్తగారు నన్నేమీ అడగకుండానే రైతుబజారుకు వెళ్ళి పుల్ల మామిడికాయలు తెచ్చి, ముక్కలు కోసి ఉప్పూ కారం అద్ది నా ముందు పెట్టారు. ఆ పళ్ళెం నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. వేవిళ్ళనే నేనూ అనుకున్నాను. గర్భపరీక్ష కార్డు మీద ఒక్కటే గీత వచ్చింది, అంటే గర్భం కాదు. మర్నాడు ఇంకో కార్డు తెచ్చాను, అదీ ఒక్క గీతే.

వాంతులతో పాటు ఆరని దాహం, మలబద్ధకం. రాత్రి మంచం పక్కన చెంబెడు నీళ్ళు తెల్లారేసరికి ఖాళీ. పరీక్ష చేస్తే డి 168, రక్తంలో కాల్షియం 12 దాటింది. "ఎన్ని ప్యాకెట్లు వాడావమ్మా?" అని అడిగారు డాక్టరమ్మ. బిల్లులు దాచే అలవాటు నాది, బ్యాగులోంచి తీసి లెక్కపెట్టాను. 31. పెద్దవాళ్ళకు రోజుకు కావలసింది 600 యూనిట్లు. అంటే ఒక్క ప్యాకెట్టు వంద రోజుల కోటా. నేను నెల రోజుల్లో ఎనిమిదిన్నరేళ్ళ కోటా మింగాను. లెక్కల మనిషిని, ఆ చిన్న భాగహారం ముందే వేసుకోలేకపోయాను.

రెండు రోజులు సెలైన్ ఎక్కించారు, కాల్షియం మాత్రలు ఆపించారు. నీళ్ళలో కరిగే విటమిన్ ఎక్కువైతే మూత్రంలో పోతుంది. ఇది కొవ్వులో దాక్కుంటుంది, నెలల తరబడి దిగదు. కాల్షియం మామూలు స్థాయికి వచ్చేదాకా గర్భం కోసం ప్రయత్నించవద్దన్నారు. మిగతాది మీరు ఊహించుకోగలరు.

ఇక మీ మొదటి ప్రశ్న. డికీ సంతానానికీ సంబంధం లేదని ఎవరూ అనరు. అండాశయంలో, గర్భాశయం లోపలి పొరలో, వీర్యకణాల్లో కూడా ఈ విటమిన్‌ను అందుకునే గ్రాహకాలు ఉన్నాయి. 2018లో 11 అధ్యయనాలను, సుమారు 2,700 మంది స్త్రీల వివరాలను కలిపి చూస్తే, డి తగినంత ఉన్నవారికి ఐవీఎఫ్ (అండాన్ని ఒంటి బయట ల్యాబులో ఫలదీకరించే పద్ధతి) లాంటి చికిత్సల తర్వాత బిడ్డ పుట్టే అవకాశం ఎక్కువగా కనిపించింది. యూట్యూబులో మీరు వినే మాటలన్నీ ఇక్కడి నుంచే వస్తాయి. అయితే డి ఉన్నవారికి పిల్లలు పుట్టడం వేరు, డి ఇస్తే పిల్లలు పుట్టడం వేరు. బరువు ఎక్కువ ఉన్నవారి రక్తంలో డి తక్కువ కనిపిస్తుంది. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉన్నవారిలో చాలామందికీ తక్కువే. అసలు అడ్డంకి బరువా, అండం విడుదల కాకపోవడమా, డి లోపమా అన్నది రక్తంలోని ఒక్క అంకెను చూసి తేల్చలేం.

ఇటలీలో అదే తేల్చడానికి ఐవీఎఫ్‌కు వచ్చిన, డి తక్కువగా ఉన్న 630 మంది స్త్రీలను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు ఒకేసారి ఆరు లక్షల యూనిట్లు, రెండో జట్టుకు చూడటానికి అలాగే ఉండే, డి లేని ఉత్తుత్తి మందు. 2021లో ఫలితాలు వచ్చాయి. డి తీసుకున్నవారిలో 37 శాతం మందికి గర్భం వచ్చింది, తీసుకోనివారిలో 40 శాతానికి. డెన్మార్క్‌లో మగవారికి ఇచ్చి చూసినా మొత్తం మీద వీర్యం నాణ్యత మారలేదు.

అలాగని మందు మానేయకండి. 11 అంటే ఏ లెక్కన చూసినా తక్కువే. రేపు గర్భం వస్తే పుట్టబోయే బిడ్డ డి నిల్వలు మీ నుంచే రావాలి, మీ ఎముకల సంగతి సరేసరి. డాక్టరు రాసినన్ని వారాలే వాడండి. ఆ రోజు నెయ్యి వేసుకుని అన్నం తిన్నాక వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. కోర్సు అయ్యాక మళ్ళీ పరీక్ష చేయించుకోండి. ఎవరో చెప్పారని పైన ఇంజెక్షన్ కూడా చేయించుకోకండి.

మీ అత్తగారు చెప్పినట్టు ఎండలో కూర్చోవడం మంచిదే. కాకపోతే ఆవిడ అనే ఉదయపు లేత ఎండలో డి తయారయ్యేది చాలా తక్కువ. తిరుపతిలో చేసిన పరిశోధనలో పదకొండు నుంచి రెండు మధ్యే చర్మంలో బాగా తయారవుతుందని తేలింది. మన నీడ మనకన్నా పొట్టిగా ఉండాలి, అదే గుర్తు. మూసిన కిటికీ అద్దం వెనక కూర్చుంటే లాభం లేదు, ఆ కిరణాలను అద్దం ఆపేస్తుంది. నేనిప్పుడు మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని కాటా పక్కన అరుగు మీదికి వెళతాను, చేతులు మోచేతుల పైదాకా ఎండకు పెట్టి పదిహేను, ఇరవై నిమిషాలు. హమాలీలు మొదట్లో నవ్వేవారు. మే నెలలో మాత్రం మానేస్తాను, గుంటూరు మే నెల గురించి విజయవాడ వారికి చెప్పనక్కర్లేదు. పాల మీద ఆశ పెట్టుకోకండి. విటమిన్లు కలిపారని చెప్పే ప్లస్ ఎఫ్ గుర్తున్న పాలు లీటరు తాగినా 200, 300 యూనిట్లకు మించి రావు.

మా సంగతి పూర్తి చేస్తాను. చివరికి పరీక్షలన్నీ చేయిస్తే నాకు అండం నెలనెలా విడుదల కావడం లేదని, మా వారి వీర్యకణాల కౌంటు కూడా తక్కువని తేలింది. ఆయన సిగరెట్లు మానేశారు, నాకు అండం విడుదలకు మాత్రలు ఇచ్చారు. ఆరో నెలలో నెల తప్పింది. పాపకు ఇప్పుడు రెండేళ్ళు. నెల తప్పినప్పుడు నా డి 34 ఉంది. ఆ 34 వల్లే పుట్టిందని మా అత్తగారు ఇప్పటికీ అంటారు. నేను వాదించను.

ప్రయత్నం మొదలుపెట్టాక రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకుంటున్నారా? మీరు రాసినదాంట్లో ఆ మాటే లేదు. బిడ్డ వెన్నుపాము లోపాలను అది తగ్గిస్తుందన్నది గట్టిగా రుజువైన విషయం. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. డి కోసం ఇంత హడావిడి చేసిన మా ఇంట్లో దాని పేరు కూడా ఎవరికీ తెలియదు.

మీ వారి వీర్యపరీక్ష ఈ వారంలోనే చేయించండి. రెండు నుంచి ఏడు రోజుల ఎడం పాటించి ఇవ్వమంటారు, సాధారణంగా త్వరగానే రిపోర్టు వస్తుంది. పిల్లలు కలగని దంపతుల్లో దాదాపు సగం మందికి మగవారి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. ఆయన మొహమాటపడితే ఇది చదివి వినిపించండి. మీ థైరాయిడ్, స్కానింగ్ కాగితాలతో పాటు ఆయన కాగితం కూడా ఒకే ఫైలులో పెట్టుకుని వెళ్ళండి.