నెబ్రాస్కా పయనీర్ తల్లిదండ్రులను కనిపెట్టాలంటే భూమి దస్త్రం చూడండి

మీ శ్రీమతి పూర్వీకుడు 1870లలో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో పయనీర్‌గా, అంటే కొత్త నేలలో తొలినాళ్లలో కాపురం పెట్టినవాడిగా స్థిరపడ్డాడనీ, 1880 జనాభా లెక్కల్లో ఆయన పేరు దొరికినా ఎక్కడి నుంచి వచ్చాడో, తల్లిదండ్రులెవరో తేలడం లేదనీ రాశారు. మా అల్లుడిదీ నెబ్రాస్కా రైతు కుటుంబమే. వారి వంశాన్ని వెతికే పనిలో నేనూ పాలుపంచుకున్నాను కనుక మాకు ఫలించిన దారి చెబుతాను.

జనాభా లెక్కలు కొంతదూరమే తీసుకువెళతాయి. 1850కి ముందు వాటిలో ఇంటి యజమాని పేరు ఒక్కటే ఉంటుంది, తక్కినవారు వయసుల వారీ అంకెలుగానే కనిపిస్తారు. యజమానితో ఒక్కొక్కరి బంధుత్వమేమిటో రాయడం 1880లోనే మొదలైంది. 1890 లెక్కలు 1921 జనవరిలో వాషింగ్టన్ అగ్నిప్రమాదంలో దెబ్బతిని దాదాపు పూర్తిగా పోయాయి. అయితే నెబ్రాస్కాలో 1885లో విడిగా తీసిన లెక్కలు ఉన్నాయి, వాటిని తప్పక చూడండి.

మాకు అసలు మేలు చేసింది హోమ్‌స్టెడ్ దస్త్రం. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాల ప్రభుత్వ భూమి కోరినవాడు అయిదేళ్లు అక్కడే నివసించి, ఇల్లు కట్టి, సాగు చేసి, ఆ సంగతి ఇద్దరు సాక్షులతో చెప్పించాలి. విదేశంలో పుట్టినవాడైతే పౌరసత్వం పొందినట్టు కాగితమూ దాఖలు చేయాలి. చివరికిచ్చిన పట్టా నకలు అమెరికా ప్రభుత్వ భూముల శాఖ అయిన బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, కానీ అందులో పేరు, తేదీ, భూమి వివరం తప్ప వంశానికి పనికొచ్చేది ఏమీ ఉండదు. చాలామంది అక్కడితో ఆగిపోతారు. పట్టా వెనకనున్న పూర్తి దస్త్రం నేషనల్ ఆర్కైవ్స్‌లో, అంటే అక్కడి జాతీయ దస్త్రాలయంలో ఉంటుంది, పట్టాలోని వివరాలు చూపితే నకలు ఇస్తారు. భూమిని టౌన్‌షిప్, రేంజ్, సెక్షన్ అనే సర్వే గళ్ల అంకెలతో గుర్తిస్తారు. సర్వే నంబర్లకు అలవాటుపడిన మనకు అది కష్టమేమీ కాదు.

మా అల్లుడి పూర్వీకుడి దస్త్రంలో మట్టిపెళ్లలు పేర్చి కట్టిన ఇంటి కొలతలు, తవ్విన బావి, దున్నిన ఎకరాలు, భార్యాబిడ్డల సంఖ్య అన్నీ ఉన్నాయి. అయినా నా దృష్టి ఆగింది సాక్షుల పేర్ల మీదే. వారిలో ఒకరిని 1870 లెక్కల్లో వెతికితే ఇల్లినాయ్‌లోని ఒక కౌంటీలో కనిపించాడు. ఆ కౌంటీ వివాహ రిజిస్టర్ తిరగేస్తే అతను మన మనిషికి బావమరిది అని తేలింది, మన మనిషి పెళ్లి జరిపించిన చర్చి రికార్డులో ఆయన తల్లిదండ్రుల పేర్లు దొరికాయి. పయనీర్లు ఒంటరిగా కదిలింది తక్కువ, అన్నదమ్ములో, వియ్యాలవారో, పాత ఊరి ఇరుగుపొరుగో కలిసి వచ్చేవారు. అందుకే ఇంటిపేరు వెంటపడేకంటే చుట్టూ ఉన్నవారి వెంట నడవడమే మేలని నా అభిప్రాయం.

ఇంటర్నెట్‌లో ఇతరులు పెట్టిన వంశవృక్షాలను ఆధారం చూపకపోతే నమ్మకండి, ఒకే పేరున్న ఇద్దరిని ఒకరిగా కలిపేసినవి వాటిలో కొల్లలు. 1880లలో అచ్చయిన కౌంటీ చరిత్రల్లోని జీవితచిత్రాలు ఎక్కువగా ఆ కుటుంబాలు చెప్పుకున్నవే కాబట్టి పొగడ్తను పక్కనపెట్టి, ఊళ్ల పేర్లు మాత్రం రాసుకోండి. న్యూయార్క్ రేవులో వలస వచ్చినవారిని తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలండ్‌లో అధికారులు పేరు మార్చేశారన్న కథ మీ ఇంట్లోనూ వినిపించవచ్చు, కానీ ఆ కేంద్రం తెరిచింది 1892లో. 1870లలో న్యూయార్క్‌లో దిగినవారు అంతకు ముందున్న కేంద్రమైన కాజిల్ గార్డెన్ మీదుగా వచ్చారు. ఆ ప్రయాణికుల జాబితాలను పేరులోని అక్షరాలు మార్చి మార్చి వెతకాలి.

పట్టా కనబడకపోతే ఆయన భూమి తీసుకోలేదని అనుకోవద్దు. కరవుకో, మిడతల దండుకో తట్టుకోలేక అయిదేళ్లు నిండకముందే వదిలి వెళ్లినవారు ఎందరో ఉన్నారు, వారి దరఖాస్తుల దస్త్రాలూ ఉంటాయి. కాకపోతే పట్టాల వెబ్‌సైట్‌లో ఆ పేర్లు రావు. వంశ పరిశోధన వెబ్‌సైట్ ఫ్యామిలీసెర్చ్‌లో ఉచితంగా ఉన్న ట్రాక్ట్ పుస్తకాల్లో (ఏ భూమికి ఎవరు దరఖాస్తు చేశారో రాసిన రిజిస్టర్లు), 1880 లెక్కల్లో ఆయన పొరుగున ఉన్నవారి భూములున్న టౌన్‌షిప్ పేజీలు ఒక్కొక్కటే చదవండి.