ఆరాధనలో జనం వంతు ఎంత?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు ఆరాధన గురించే. మూడింటికీ ఇక్కడే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, వందనాలు. మా సంఘంలో ఆరాధన చప్పగా ఉందని అందరూ అంటున్నారు. యువకులు డ్రమ్స్, స్క్రీన్ కావాలంటారు. పెద్దలు పాత క్రమం జోలికి వెళ్తే ఊరుకోమంటారు. కమిటీ రెండు వర్గాలైపోయింది. నాకేమో శనివారం వచ్చిందంటే టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి?
– పేరు రాయవద్దన్న ఒక పాస్టరు

జవాబు: పాస్టరు గారూ, వందనాలు. డ్రమ్స్ సంగతి ఒక ఆరు నెలలు పక్కన పెట్టండి. కొనమనీ అనను, కొనొద్దనీ అనను. మీ ఉత్తరం చదివాక నాకు తోచింది ఒకటే. మీ రెండు వర్గాలూ వేదిక మీద ఏం జరగాలన్న దాని గురించే పోట్లాడుకుంటున్నాయి. కింద కూర్చున్నవాళ్లు ఏం చెయ్యాలన్నది ఎవరికీ పట్టలేదు.

వచ్చే ఆదివారం ఆరాధన ఇంకొకరికి అప్పగించి, మీరు చివరి వరసలో కూర్చోండి. కాగితం మధ్యలో గీత గీసి ఒకవైపు ‘వేదిక’, ఇంకోవైపు ‘జనం’ అని రాయండి. ఎవరు నోరు తెరిస్తే ఆ వైపు నిమిషాలు వేసుకుంటూ పోండి. పాఠం చెప్పే రోజుల్లో విద్యార్థులకు ఈ పని అప్పజెప్పేదాన్ని. చాలా కాగితాల్లో ‘జనం’ వైపు దాదాపు ఖాళీగా ఉండేది. ఒకమ్మాయి తెచ్చిన కాగితంలో ఆ వైపు ‘దీవెన తర్వాత ఆమేన్’ అని ఒక్క ముక్కే ఉంది. దాని కింద పెన్సిల్‌తో ‘అదీ కొందరే’ అని రాసింది. పాటలున్నాయి కదా అంటారేమో. మైకు మోతలో పక్కవాడి గొంతు మనకు వినపడకపోతే ఆ పాటను ఏ వైపు వెయ్యాలో మీరే తేల్చుకోండి.

మొదట్లో ఇలా లేదు. క్రీ.శ. 155 ప్రాంతంలో జస్టిన్ మార్టర్ అనే క్రైస్తవ రచయిత తమ ఆదివారపు కూడిక ఎలా జరుగుతుందో రోమా చక్రవర్తికి వివరించాడు. సమయం ఉన్నంతసేపూ లేఖనాలు చదివేవారు. అధ్యక్షుడు బోధించేవాడు. తర్వాత అందరూ లేచి నిలబడి ప్రార్థించేవారు. రొట్టె, పాత్ర మీద కృతజ్ఞతాస్తుతి ముగిశాక జనం ఆమేన్ అనేవారు. రాలేకపోయినవాళ్లకు పరిచారకులు పట్టుకెళ్లేవారు. అనాథలకు, విధవరాండ్రకు, చెరసాలలో ఉన్నవాళ్లకు కానుక పోగుచెయ్యడం కూడా అందులో భాగమే. అక్కడ పాటల మాటే రాదు. పాడలేదని కాదు, కానీ మనకు మాత్రం ఆరాధన అనగానే పాటే గుర్తొస్తుంది!

తర్వాత ఆరాధనను బాగుచేయబూనినవాళ్లు చాలామంది జనం వంతును జనానికి తిరిగి ఇవ్వాలనే చూశారు. జెనీవాలో 1562 నాటికి 150 కీర్తనలనూ సంఘమంతా పాడుకునేలా పద్యరూపంలోకి తెచ్చారు. దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) 1950 నాటి ప్రభురాత్రి భోజన సంస్కార క్రమంలో గురువు, అంటే ఆరాధన నడిపించే పాస్టరు, బల్ల వెనక, జనానికి ఎదురుగా నిలబడ్డారు. ‘సమాధానం’ అనే శాంతి పలకరింపు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి వరసల్లోకి వెళ్లింది. ఇతర దేశాల సంఘాలెన్నో దాన్ని చూసి నేర్చుకున్నాయి. 1963లో రోమన్ కాథలిక్కుల రెండో వాటికన్ మహాసభ కూడా విశ్వాసులు పూర్తిగా, తెలిసి, చురుగ్గా పాల్గొనాలని తేల్చి చెప్పింది.

కాబట్టి మీరు రెండింటితో మొదలుపెట్టండి. ఒకటి వాక్యపఠనం. గుమ్మంలో ఎవరు కనిపిస్తే వాళ్ల చేతిలో బైబిలు పెట్టకుండా, చదవాల్సిన భాగం సోమవారమే ఇవ్వండి. ఇంట్లో రెండుసార్లు పైకి చదువుకుని వచ్చినవాళ్లు జెరుబ్బాబెలు లాంటి పేర్ల దగ్గర తడబడరు. అప్పుడు వినేవాళ్లూ తల ఎత్తుతారు.

రెండోది విజ్ఞాపన ప్రార్థన. అది మీ ఒక్కరి సొత్తు కాదు. ఒక యువకుణ్ణీ ఒక పెద్దాయన్నీ జతగా వేసి, ఆ వారం మనవులు వాళ్లనే రాయమనండి. జబ్బుపడినవాళ్లు, పని పోయినవాళ్లు, యుద్ధంలో చిక్కుకున్న దేశాలు, అధికారంలో ఉన్నవాళ్లు అందరూ అందులోకి రావాలి. ఒక్కో మనవి అయ్యాక సంఘమంతా ‘ప్రభువా, మా మనవి ఆలకించుము’ అనాలి. మొదటి వారాల్లో గొణుగుతారు. కంగారుపడి మార్చెయ్యకండి, నెలల తరబడి అదే వాక్యం ఉంచండి. కలిసి కూర్చుని మనవులు రాసినవాళ్లు తర్వాత డ్రమ్స్ గురించి కాస్త మర్యాదగా పోట్లాడుకుంటారని నా నమ్మకం.

ప్రశ్న: మేడమ్, నేను పాస్టర్లను తయారుచేసే సెమినరీలో విద్యార్థిని. మా చాపెల్‌లో ప్రసంగిస్తుంటే ఎదురుగా లెక్చరర్ మార్కులు వేస్తుంటారు. తోటివాళ్లు తప్పులు రాసుకుంటారు. అది ఆరాధనో పరీక్షో తెలియడం లేదు.
– చివరి ఏడాది విద్యార్థి

జవాబు: పరీక్షే బాబూ. నీకొచ్చిన అనుమానం సరైనదే. 1935లో జర్మన్ పాస్టరు డీట్రిష్ బోన్‌హోఫర్ ఫింకెన్‌వాల్డె అనే ఊళ్లో సెమినరీ నడిపినప్పుడు ఈ విషయంలో గట్టిగా ఉన్నాడు. ఆరాధనలో చేసిన ప్రసంగాన్ని వినయంగా వినాలే తప్ప విమర్శించకూడదు. చర్చించాలంటే క్లాసులో చదివిన ప్రసంగం ఉండనే ఉంది. అక్కడ పొద్దున, రాత్రి ప్రార్థనలు భోజనాల బల్ల చుట్టూనే జరిగేవి. కీర్తనలు, పాత నిబంధన, కొత్త నిబంధన, పాట, ప్రార్థన, అంతే. రోజూ అరగంట మౌనధ్యానం, వారమంతా ఒకే వాక్యభాగం మీద. విద్యార్థులు మొదట విసుక్కున్నారు కూడా. 1937లో హిట్లర్ రహస్య పోలీసులైన గెస్టపో ఆ సెమినరీని మూసేసింది.

మీ ప్రిన్సిపాల్ గారి దగ్గరకు ఫిర్యాదుగా కాక, ఒక చిన్న మనవితో వెళ్లండి. వారంలో ఒక్క రోజు చాపెల్‌లో మార్కుల పుస్తకం లేకుండా, ప్రసంగమే లేకుండా కీర్తనలు, వాక్యం, విజ్ఞాపనలు మాత్రమే ఉంచమని అడగండి. ఆఫీసు సిబ్బందిని, వంటవాళ్లను కూడా పిలవండి. వాళ్లు చదువుతుంటే మీరు వినండి. రేపు నీ సంఘంలో ఉండేది లెక్చరర్లు కాదు, వాళ్లే.

ప్రశ్న: రాసుకుని చదివే ప్రార్థనలో ఆత్మ ఉండదని మా పెద్దలంటారు. నిజమేనా?
– ఒక సోదరి

జవాబు: ప్రభువు నేర్పిన ప్రార్థన మీ పెద్దలు చూడకుండా చెబుతారు కాబట్టి అది రాసిన ప్రార్థనని మర్చిపోయి ఉంటారు. తొలి సంఘాల కాలపు దిదఖే అనే చిన్న పుస్తకం బల్ల దగ్గర చెప్పాల్సిన ప్రార్థనలను మాటలతో సహా ఇచ్చింది. ఆ వెంటనే, ప్రవక్తలను మాత్రం వాళ్లకు తోచినంతసేపు స్తుతించనివ్వండి అంది. మీ సంఘంలోనూ రెండింటికీ చోటివ్వమని అడగండి. చదివేవాళ్లు మాత్రం బస్సు అందుకోవాలన్నట్టు చదవకూడదు.