సంతకం కాదు, గీత చూడండి

ప్రశ్న: బెహ్జాద్ సంతకం ఉన్న పర్షియన్ సూక్ష్మచిత్రాలన్నీ ఆయన వేసినవేనా? (ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: కావు. బెహ్జాద్ పదిహేనో శతాబ్దం చివర్లో హెరాత్‌లో పనిచేసిన పేరుమోసిన చిత్రకారుడు. ఆయన పేరుకున్న గిరాకీ చూసి తర్వాతివాళ్లు ఎన్నో బొమ్మల మీద ఆ పేరు రాసేశారు. గీటురాయిగా పెట్టుకోదగ్గది, ఇప్పుడు కైరోలో ఉన్న పర్షియన్ కవి సాదీ కావ్యం 'బూస్తాన్' ప్రతి. 1488లో హెరాత్‌లో (ఇప్పటి అఫ్గానిస్తాన్) అక్కడి పాలకుడు సుల్తాన్ హుసేన్ బైఖరా కోసం తయారైంది. అందులో తనను మోహించి వెంటపడ్డ జులేఖా నుంచి యూసుఫ్ పారిపోయే బొమ్మను తీరిగ్గా చూడండి. బొమ్మలో కనిపించే మహలు ఊసే సాదీ పద్యాల్లో లేదు. ఆ ఏడు గదుల మహలు జామీ అనే మరో పర్షియన్ కవి కావ్యంలోది. బెహ్జాద్ దాన్ని తెచ్చి మెట్లు, మలుపులు, మూసిన తలుపులతో పుటంతా కట్టేశాడు. మన చూపు ఆ తలుపులన్నీ దాటుకుంటూ పైకెక్కాలి. ఆ ఇద్దరు తప్ప మరో మనిషి లేడు. కథలోని భయమంతా ఆ కట్టడమే చెబుతుంది.

మనుషుల్ని వేయడంలోనూ ఆయన చెయ్యి తెలుస్తుంది. బ్రిటిష్ లైబ్రరీలోని, కవి నిజామీ రాసిన 'ఖంసా' ప్రతిలో ఖవర్నఖ్ కోట కట్టే దృశ్యం ఆయనదనే చెబుతారు. ఇటుకలు మోసేవాడు, అడుసు కలిపేవాడు, నిచ్చెన ఎక్కేవాడు... ఒకరి నడుం వంపు మరొకరికి లేదు.

ప్రశ్న: బెహ్జాద్ ఒక్కడే కూర్చుని పుస్తకమంతా వేసేవాడా? (ఒక పాఠకుడు, విజయనగరం)

జవాబు: లేదు. రాజుగారి కితాబ్‌ఖానాలో, అంటే పుస్తకాలు తయారయ్యే కార్ఖానాలో, లేఖకుడు, బంగారు పూత పనివాడు, బైండింగు చేసేవాడు అందరూ ఉండేవారు. ముందు అక్షరం, వదిలిన జాగాలో బొమ్మ.

ప్రశ్న: రాజావర్తం (లాపిస్ లాజులీ) రాయి నూరితే నీలం బదులు బూడిదరంగు వచ్చింది. వేశాక రాలుతోంది కూడా. (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: ఇవి రెండు వేర్వేరు తప్పులు. రాయిలో తెల్లటి కాల్‌సైటు అనే ఖనిజం కలిసి ఉంటుంది. పైగా అతిగా నూరితే నీలం పాలిపోతుంది. కాస్త గరుకు మిగిలేలా నూరి, నీళ్లలో కలిపి, బరువైన నీలం అడుగుకు దిగగానే పైనున్న బూడిదరంగు నీళ్లు వంచేయండి. నీళ్లు తేటపడేదాకా ఇలాగే.

రాలడానికి కారణం జిగురు చాలకపోవడం. ఒక వంతు తుమ్మబంకను రెండు వంతుల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, రంగు ముద్దలో చుక్కచుక్కగా కలపండి. ఆరిన రంగు వేలికి అంటితే ఇంకో చుక్క. మెరిసి పగుళ్లిస్తే జిగురు ఎక్కువైనట్టే. పలచటి పూతలే వేయండి. కాగితానికి ముందే గంజి పూసి, ఆరాక నున్నటి అగేటు రాయితో రుద్దాలి, లేకపోతే గీత పాకుతుంది.

ప్రశ్న: పాత ప్రతుల్లో ఆకుపచ్చ ఉన్నచోట కాగితం చిల్లులు పడుతుందెందుకు? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: అది రాగి చిలుముతో చేసిన రంగు. కాగితాన్ని మెల్లగా తినేస్తుంది. ఆ కాటు తగ్గడానికే ఇరాన్ చిత్రకారులు అందులో కుంకుమపువ్వు కలిపేవారు. మీరు వేయాలంటే మాలకైటు అనే ఆకుపచ్చ రాయి పొడి వాడండి. పసుపు రంగుకు వాడే హరిదళంలో ఆర్సెనిక్, ఎరుపుకు వాడే ఇంగిలీకంలో పాదరసం ఉన్నాయి కనుక వాటిని ఇంట్లో నూరకండి.