ఖరీదైన మెక్సికన్ రెస్టారెంట్లో తినడం డబ్బు దండగా?

విదేశాలకు వెళ్ళినప్పుడు టాకోలు, బీన్స్ లాంటి మెక్సికన్ తిండికి పెద్ద రెస్టారెంట్లో అంత డబ్బు పోయడం దండగ కాదా అని ఒకరు అడిగారు. కాదు. ఇదే ప్రశ్న ఇటాలియన్ రెస్టారెంట్ గురించి ఎవరూ అడగరు. గోధుమపిండి ఉడకబెట్టి వెన్న రాసిస్తే నోరు మూసుకుని బిల్లు కట్టేవాళ్ళే, మొక్కజొన్న రొట్టె దగ్గరికి వచ్చేసరికి లెక్కలు తీస్తారు.

ఈ చిన్నచూపుకి సగం కారణం అమెరికాలో ఉండే మనవాళ్ళమే. డాలస్‌లో మేం తినేది టెక్స్-మెక్స్, అంటే టెక్సస్ పద్ధతిలోకి మారిన మెక్సికన్ వంట. మైదా టోర్టియా (పల్చటి రొట్టె), పైన పసుపు రంగు చీజ్, చేతికి వచ్చినంత జీలకర్ర పొడి. అది తిని మెక్సికో వంట మొత్తం తెలిసిపోయిందనుకుంటాం. శుక్రవారం రాత్రి నేనూ తింటాను, రుచిగానే ఉంటుంది, కానీ అది వేరే ఊరి వంట.

మా అత్తమామలు అమెరికా వచ్చినప్పుడు వాళ్ళను మెక్సికో సిటీ తీసుకెళ్ళాం. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మన పాస్‌పోర్టుకి వేరే మెక్సికో వీసా అక్కర్లేదు. అక్కడ పోలాంకో డబ్బున్నవాళ్ళ పేట. మంచి రెస్టారెంట్లకి నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడు 2024లో మొదటిసారి మెక్సికోకి వచ్చినప్పుడు రెండేసి నక్షత్రాలు దక్కిన పుహోల్, కింతోనిల్ రెస్టారెంట్లు రెండూ అక్కడివే. (అదే గైడు నిలబడి తినే ఒక చిన్న టాకో కొట్టుకి కూడా ఒక నక్షత్రం ఇచ్చింది, అది వేరే కథ.) ఆ రెండింట్లోనూ మాకు టేబుల్ దొరకలేదు, చాలా ముందే బుక్ చేసుకోవాలట. ఆ చుట్టుపక్కలే ఇంకోదానికి వెళ్ళాం.

మామగారు గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. మెనూలో ధర చూసి, నా వైపు కాకుండా కూతురి వైపు తిరిగి, "ఏమ్మా, ఇది మనిషికా, టేబుల్‌కా?" అన్నారు. మనిషికే. ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ముందు తాగడానికి ఎర్రటి పుల్లటి నీళ్ళు వచ్చాయి. ఎర్ర గోంగూర పువ్వు కింద ఉండే రేకుల్ని నానబెట్టి చేస్తారు. తర్వాత గుమ్మడి పువ్వులు, నాగజెముడు మట్టలు, గంగపాయల కూర. అత్తగారు ఆకు పట్టి చూసి, "మా పెరట్లో ఊరికే మొలుస్తుంది కదా ఇది" అన్నారు. నా కడుపులో టెన్షన్ మొదలైంది.

అప్పుడొచ్చింది మోలె. పళ్ళెంలో గుండ్రంగా పరిచిన నల్లటి చిక్కటి గుజ్జు, పైన కాసిని నువ్వులు, పక్కన గుడ్డలో చుట్టిన వేడి టోర్టియాలు. అంతే. మామగారు మర్యాదగా కాసేపు ఆగి, "ముక్కలు ఎప్పుడు తెస్తారు?" అని అడిగారు. ముక్కలు లేవు మామయ్యగారూ, కూర ఇదే అన్నాను.

ఆ మొహం చూసి వెయిటర్‌కి విషయం అర్థమైనట్టుంది. లోపలికెళ్ళి ఒక తట్టలో ఎండుమిర్చి పట్టుకొచ్చాడు. ఆంచో, పసీయా, ములాతో, వాటి మధ్యలో పొట్టిగా, నల్లగా చిల్వాక్లే. ఇక మామగారిని పట్టలేకపోయాం. ఒక్కో కాయ తుంచి, వాసన చూసి, గింజ గీరి, తొడిమ చూశారు. యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) విప్పినప్పుడు చూసే చూపే. "తాలు ఎంత పోతుందో అడుగమ్మా. క్వింటా ఎంతో కూడా అడుగు." మా ఆవిడ ఫోన్లో అనువాదం పెట్టి అడిగితే వెయిటర్ తెల్లమొహం వేసి వంటామెను పిలుచుకొచ్చాడు. ఆమె నిలబడి ఓపిగ్గా చెప్పింది: చిల్వాక్లే ఒవహాకా రాష్ట్రంలో ఒక చిన్న ప్రాంతంలోనే, కొద్దిమంది రైతులే పండిస్తారు. కాయల్ని పెనం మీద దాదాపు మాడేదాకా కాల్చి, నానబెట్టి, నువ్వులు, బాదం, ఎండుద్రాక్ష, అరటిపండు, దాల్చినచెక్క, లవంగం, కాస్త చాక్లెట్ వేసి రుబ్బుతారు. "మాడిన మిర్చికా ఈ రేటు!" అన్నారు మామగారు. అంటూనే టోర్టియాతో పళ్ళెం తుడిచేశారు. మనం మిర్చిని ముందు కారానికి కొంటాం, తర్వాత రంగుకి. వాళ్ళు ఒక్కో కాయనీ దాని వాసన కోసం కొంటారు. అసలు మిరప పుట్టింది ఆ దేశం వైపే, మనకి పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చింది. ఆ సంగతి మామగారికి అక్కడే చెప్పి భోజనం పాడుచేయడం ఎందుకని ఊరుకున్నాను.

పుహోల్‌లో అక్కడి షెఫ్ ఎన్రికే ఓల్వేరాకి పేరు తెచ్చిన పళ్ళెం కూడా ఇలాంటిదే. రోజూ కొత్తది కలుపుతూ వెయ్యి రోజులు దాటించిన పాత మోలె, దాని మధ్యలో తాజా మోలె, తినడానికి టోర్టియాలు. మాంసం ఉండదు.

కాబట్టి మాంసం తూకం చూసి దండగా కాదా అని తేల్చకండి, టోర్టియా చూడండి. మంచి చోట మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, కడిగి, రుబ్బి చేస్తారు. సున్నం వల్ల పొట్టు ఊడుతుంది, పిండి సాగుతుంది, గింజలోని నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతుంది. మొక్కజొన్నని పట్టుకెళ్ళిన యూరప్ వాళ్ళు సున్నం సంగతి వదిలేశారు. ఉత్తర ఇటలీలో మొక్కజొన్న జావే ఆధారంగా బతికిన పేదలు ఆ విటమిన్ లోపంతో వచ్చే పెలాగ్రా జబ్బుతో పోయారు. ఇటలీ వంటని నెత్తిన పెట్టుకునేవాళ్ళు ఇది కూడా గుర్తుంచుకోవాలి. దుబాయ్‌లో అయినా లండన్‌లో అయినా బుక్ చేసేముందు ఒక్కటే అడగండి: టోర్టియా పిండి మీరే రుబ్బుతారా? ప్యాకెట్ పిండి కలిపి ఆ రేటు తీసుకుంటే మాత్రం ముమ్మాటికీ దండగే.

నాకు నచ్చని సంగతులూ ఉన్నాయి. ప్రతి ముద్దకీ ముందు వెయిటర్ చెప్పే ఉపన్యాసం, ఆఖర్లో ఎవరికీ ఆకలి లేనప్పుడు వచ్చే మూడు రకాల తీపి. శాకాహారులు బుకింగ్ అప్పుడే చెప్పండి. బీన్స్‌లో పంది కొవ్వు, అన్నంలో కోడి రసం అక్కడ మామూలు. అడిగితే వేరేగా వండిపెట్టే ఓపిక పెద్ద రెస్టారెంట్లకే ఉంటుంది, అందుకే శాకాహారులకి అవే నయం. మిడతలు, చీమల గుడ్లు వద్దన్నా ఏమీ అనుకోరు.

మెక్సికో సిటీలో అయితే రాత్రికి కాకుండా మధ్యాహ్నం రెండింటికి వెళ్ళండి. అక్కడివాళ్ళ అసలు భోజనం అప్పుడే, పైగా ఆ ఊరు 2,240 మీటర్ల ఎత్తున ఉంది, రాత్రి బరువుగా తింటే నిద్ర పట్టదు. మెనూ ధరలో 16 శాతం పన్ను ముందే కలిసి ఉంటుంది. టిప్పు 10 నుంచి 15 శాతం చాలు, అమెరికా అలవాటుతో ఇరవై పెట్టక్కర్లేదు.