గాల్ బ్లాడర్‌లో రాయి ఏ డాక్టర్ తీస్తారు?

ప్రశ్న: మాది నర్సంపేట. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ బైపీసీ. ఈ మధ్య మా అమ్మకు గాల్ బ్లాడర్‌లో రాళ్లుంటే హన్మకొండలో చిన్న రంధ్రాలు పెట్టి ఆపరేషన్ చేశారు. మూడో రోజే ఇంటికొచ్చింది. అప్పటినుంచి పాప 'ఎండోస్కోపీ డాక్టర్ అవుతా' అంటోంది. దానికి ఏ కోర్సు? నీట్ రాకపోతే ఎట్లా?

జవాబు: మీ అమ్మగారికి చేసింది ల్యాపరోస్కోపీ అండీ, ఎండోస్కోపీ కాదు. పొట్టకు రంధ్రాలు పెట్టి కెమెరాతో చేసే ఆ పని సర్జన్‌ది. అదే రాయి జారి పిత్తనాళంలో ఇరుక్కుంటే, నోటి గుండా స్కోప్ (కెమెరా ఉన్న సన్నని గొట్టం) పంపి, ఈఆర్‌సీపీ అనే ఎండోస్కోపీ పద్ధతితో తీసేది మాత్రం ఎక్కువగా గ్యాస్ట్రో ఎంటరాలజిస్టే (జీర్ణకోశ వ్యాధుల డాక్టర్). రాయి ఒకటే, ఎక్కడుందన్నదాన్ని బట్టి డాక్టర్ మారతారు. పాపకు ముందు ఈ తేడా చెప్పండి. ఎందుకంటే దారులు కూడా రెండు.

ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. ఆ తర్వాత ఎండోస్కోపీ వైపైతే ఎండీ జనరల్ మెడిసిన్ 3 ఏళ్లు, దానిపైన సూపర్ స్పెషాలిటీ డీఎం గ్యాస్ట్రో ఎంటరాలజీ ఇంకో 3 ఏళ్లు. మధ్యలో ఒక్క ఏడాది పోకపోయినా పదకొండున్నరేళ్లు. సర్జరీ వైపు వెళ్తే ఎంఎస్ జనరల్ సర్జరీతోనే గాల్ బ్లాడర్, అపెండిక్స్ ల్యాపరోస్కోపీలో చేయొచ్చు. లివర్, పాంక్రియాస్ లాంటి పెద్ద ఆపరేషన్లకు ఎంఎస్ తర్వాత ఎంసీహెచ్ (సర్జరీలో సూపర్ స్పెషాలిటీ) మేలు. ఏ దారి అన్నది ఇప్పుడే తేల్చొద్దు, వార్డుల్లో తిరిగాక తనకే తెలుస్తుంది.

కాలేజీ పేరు గురించి కూడా టెన్షన్ వద్దు. ఎండోస్కోపీలో ప్రపంచమంతా పేరున్న డాక్టర్ డి.నాగేశ్వర్ రెడ్డి ఎంబీబీఎస్ చదివింది కర్నూలు మెడికల్ కాలేజీలోనే. మీకు దగ్గర్లో 1959 నుంచి కాకతీయ మెడికల్ కాలేజీ ఉండనే ఉంది.

నీట్ రాకపోతే బీఎస్సీ నర్సింగ్ చేసి ఎండోస్కోపీ యూనిట్‌లో చేరొచ్చు. టెక్నీషియన్ పని కూడా ఉంది. బయాప్సీ (పరీక్షకు చిన్న ముక్క) తీసేటప్పుడు డాక్టర్‌కు సాయం చేయాలి. ప్రతి పేషెంట్ తర్వాత స్కోప్ లోపలి సన్నని గొట్టాలను బ్రష్‌తో తోమి, మందు ద్రావణంలో నానబెట్టాలి. 'కడిగే పనే కదా' అంటారు చాలామంది. అది సరిగ్గా జరగకపోతే ఒకరి ఇన్ఫెక్షన్ ఇంకొకరికి అంటుకుంటుంది. కాకపోతే ఈ డిప్లొమాల పేరుతో డబ్బు గుంజేవాళ్లూ ఉన్నారు. కోర్సుకు గుర్తింపు ఉందో లేదో పారామెడికల్ బోర్డులో కనుక్కున్నాకే ఫీజు కట్టండి.

ప్రస్తుతానికి ఫిజిక్స్ చూడండి. నీట్‌లో 720కి 180 మార్కులు దానివే. బైపీసీ పిల్లలు దాన్నే వెనక్కి నెడతారు.