ఎగిరే పక్షి మసకగా వస్తోందా?

ప్రశ్న: 400 ఎంఎం లెన్సుతో, ట్రైపాడ్ లేకుండా చేత్తోనే పట్టుకుని పక్షుల్ని తీస్తున్నాను. కొమ్మ మీద కూర్చున్నవి చక్కగా వస్తున్నాయి, ఎగిరితే మాత్రం మసకే. చాలాసార్లు పక్షి ఫ్రేములోకే రాదు. షట్టర్ వేగం 1/500 సెకను పెడుతున్నాను, స్టెబిలైజేషన్ ఆన్‌లోనే ఉంటుంది. లెన్సు మార్చమంటారా?

జవాబు: వద్దండి. కూర్చున్న పక్షి చక్కగా వస్తోందంటే లెన్సు బాగానే ఉన్నట్టు. తేడా 1/500 దగ్గరే ఉంది. లెన్సు ఎన్ని ఎంఎం అయితే షట్టర్ కనీసం అంత (400 ఎంఎంకి 1/400) ఉండాలనే లెక్క మన చేతి వణుకు కోసం పెట్టుకున్నది, రెక్కల వేగానికి అది సరిపోదు. స్టెబిలైజేషన్ కూడా కెమెరా కదలికనే సర్దుతుంది, రెక్కను ఆపలేదు. కొంగ, గద్ద లాంటి పెద్దవాటికి 1/1600 నుంచి 1/2000, లకుముకిపిట్ట లాంటి చిన్నవాటికి 1/3200 లేదా ఆ పైన పెట్టండి. దాంతో ఐఎస్ఓ (కెమెరా వెలుతురుకి స్పందించే స్థాయి) పెరుగుతుంది, పెరగనివ్వండి. నాయిస్, అంటే ఫోటోలో వచ్చే గరుకు చుక్కలు, తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన కన్నును ఎవరూ బాగుచెయ్యలేరు.

ఇక పక్షి ఫ్రేములోకి రాకపోవడం. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాలో 400 ఎంఎంకి మూల నుంచి మూలకి కనిపించేది దాదాపు 6 డిగ్రీలే, అంత చిన్న ముక్కలో ఆకాశాన్ని వెతకడం ఎవరికైనా కష్టమే. కానీ చాలామంది గమనించని సంగతి ఇంకోటి ఉంది: అంతకుముందు దగ్గరి వస్తువు మీద ఫోకస్ చేసి అలాగే వదిలేస్తే, దూరంగా ఎగిరే పక్షి ఎంత చెదిరిపోతుందంటే సరిగ్గా ఎదురుగా ఉన్నా వ్యూఫైండర్‌లో కనిపించదు. అందుకే పక్షి రాకముందే, అది వచ్చేంత దూరంలో ఉన్న చెట్టు మీదో గట్టు మీదో ఒకసారి ఫోకస్ చేసి పెట్టుకోండి. లెన్సు మీద ఫోకస్ లిమిటర్ (ఫోకస్ వెతికే దూరాన్ని పరిమితం చేసే) బటన్ ఉంటే దూరం వైపు నొక్కండి. పక్షి కనబడగానే తల దించి కెమెరా చూసుకోకుండా, చూపు దాని మీదే నిలిపి కెమెరాని కంటి దగ్గరికి తెచ్చుకోండి. కంటిన్యువస్ ఆటోఫోకస్ (కదిలేదాని మీద ఫోకస్‌ని ఆపకుండా సర్దుతూ ఉండేది) తప్పనిసరి.

ఎడమ చెయ్యి లెన్సు కింద కాస్త ముందుకి, మోచేతులు పక్కటెముకలకి ఆనించి, పాదాలు మాత్రం పక్షి ఇప్పుడున్న వైపు కాకుండా ఫోటో తీయాలనుకున్న వైపు పెట్టి నడుము నుంచి తిరగండి. క్లిక్ అయ్యాక కూడా కాసేపు దాన్ని వెంబడిస్తూనే ఉండాలి. ఎక్స్‌పోజర్ (ఫోటో ఎంత వెలుగుగా రావాలన్నది) మాన్యువల్‌లో పక్షి మీద పడే వెలుతురుకి సరిపెట్టి వదిలేస్తే, వెనక ఆకాశం పోయి చెట్లు వచ్చినా పక్షి వెలుగు మారదు.

పక్షులు సాధారణంగా గాలికి ఎదురుగా లేస్తాయి కాబట్టి గాలి, ఎండ రెండూ మీ వీపు వైపు ఉండే చోటు చూసుకోండి. అది తనంతట తాను లేచేదాకా ఆగండి. ఫోటో కోసం చప్పట్లు కొట్టి, రాళ్లు విసిరి లేపడం దయచేసి వద్దు, గూడు దగ్గరైతే అసలు వద్దు.

ప్రశ్న: పొద్దున బాగా వచ్చే ఫోటోలు, అవే సెట్టింగులతో మధ్యాహ్నం మెత్తగా, స్పష్టత లేకుండా వస్తున్నాయి. ఎందుకు?

జవాబు: వేడికి నేల మీది గాలి అలలు అలలుగా కదులుతుంది, దూరం ఎక్కువయ్యేకొద్దీ ఆ గాలి పొర మందమవుతుంది. షట్టర్ పెంచినా, ఖరీదైన లెన్సు కొన్నా ఇది పోదు. పక్షి బాగా దగ్గరికి వస్తేనే తీయండి, లేదంటే ఎండ తగ్గాక వెళ్లండి.