పెంపకం గురించి ఇంగ్లీషులో మాట్లాడాలంటే

తల్లీ,

ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షలో, స్పీకింగ్ అనే మాట్లాడే విభాగంలో పిల్లల పెంపకం, స్వేచ్ఛ మీద ప్రశ్నలొస్తే నీకు నోరు పెగలడం లేదని మీ అమ్మ చెప్పింది. టెన్షన్ పడకు. నీకు మాటలు రాక కాదు. తెలుగు వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి దించబోయి తడబడుతున్నావు. కావలిలో పాఠాలు చెప్పినన్నాళ్లూ నేను చూసింది ఇదే.

‘మా నాన్న నన్ను మైపాడు బీచ్‌కి పంపించలేదు’ అంటాం కదా. దాన్ని ‘డిడ్ నాట్ సెండ్ మీ’ అంటే, ఆయనే ఏదో పని మీద నిన్ను పంపాల్సి ఉండి పంపలేదన్నట్టు ఉంటుంది. ‘డిడ్ నాట్ లెట్ మీ గో’ అను. లెట్ తర్వాత ‘టు’ రాదు. అలౌ వాడితే మాత్రం ‘అలౌ మీ టు గో’ అనాల్సిందే. బలవంతాన చేయించినదానికి మేక్: ‘షీ మేడ్ మీ స్టడీ’. ఈ మూడూ నోటికి పట్టేదాకా పైకి చదువుకో. పెంపకం గురించి ఏది అడిగినా వీటితోనే పని పడుతుంది. ‘అమ్మమ్మ నన్ను పెంచింది’ అనడానికి ‘బ్రాట్ మీ అప్’. ‘గ్రూ మీ’ అనకు.

మనం రోజూ వాడే ఇంగ్లీషు మాటలతో ఇంకా జాగ్రత్త. మన వైపు ‘హాస్టల్‌కెళ్లి స్పాయిల్ అయ్యాడు’ అంటే చెడు తిరుగుళ్లు మరిగాడని. ఇంగ్లీషువాళ్లు ‘స్పాయిల్ట్ చైల్డ్’ అన్నారంటే, అడిగిందల్లా ఇచ్చి గారాబం చేసిన పిల్లాడని. రాత్రి ఎన్నింటికల్లా ఇల్లు చేరాలో పెద్దవాళ్లు పెట్టిన గడువు ‘కర్ఫ్యూ’. తప్పు చేశాడని కొన్నాళ్లు బయటికి వెళ్లనివ్వకపోతే ‘గ్రౌండెడ్’.

నాన్నని ‘స్ట్రిక్ట్’ అంటే నింద కాదు, ‘హార్ష్’ అంటే నిందే. 1960ల్లో డయానా బామ్‌రిండ్ అనే అమెరికన్ సైకాలజిస్టు చెప్పిన రెండు మాటలు కూడా తెలుసుకో. కారణం చెప్పకుండా ‘నేను చెప్పాను, అంతే’ అనేవాళ్లు అథారిటేరియన్. హద్దులు పెడుతూనే పిల్లల మాట వినేవాళ్లు అథారిటేటివ్. ఈ రెండూ కలిసిపోతే నువ్వు చెప్పేది తలకిందులవుతుంది. ‘అథారిటేటివ్’ అని నోరు తిరగకపోతే ‘ఫర్మ్ బట్ ఫెయిర్’ అను, ఏ లోటూ ఉండదు.

అతిగా వెంటబడి కాపలా కాసేవాళ్లు ‘హెలికాప్టర్ పేరెంట్స్’. దీనికి ఎదురు, పిల్లల్ని స్వేచ్ఛగా తిరగనిచ్చే ‘ఫ్రీ రేంజ్’ పెంపకం. న్యూయార్క్‌లో లెనోర్ స్కెనేజీ తన తొమ్మిదేళ్ల కొడుకుని సబ్‌వేలో ఒక్కడినే ఇంటికి రానిచ్చానని 2008లో రాస్తే పెద్ద దుమారం లేచింది. ‘ఫ్రీ రేంజ్’ అన్న మాటకు ప్రచారం వచ్చింది అప్పటినుంచే.

స్పీకింగ్ పరీక్ష మూడో భాగంలో నాలుగైదు నిమిషాలు చర్చ ఉంటుంది. అక్కడ ‘మా నాన్న’ దగ్గరే ఆగిపోకు. ‘మెనీ పేరెంట్స్ ఇన్ నెల్లూర్’ అని మొదలుపెట్టి, రెసిడెన్షియల్ కాలేజీల్లో ఇంటర్ పిల్లల ఔటింగ్ గురించో, ఫోన్ల గురించో చెప్పు. నువ్వు కళ్లారా చూసిందే కాబట్టి మాట దానంతటదే వస్తుంది. ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి, ప్రశ్నలు నేనడుగుతాను.

మీ పెద్దమ్మ